కట్టు కట్టొద్దన్న పిల్ల

2022 జులైలో పుంగనూరులో మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల మళ్లీ మామూలుగా నడవడం మొదలైంది. నేను అక్కడ సోషల్ టీచర్ని. దాంతోపాటు గైడ్ కెప్టెన్ని కూడా. గైడ్స్ అంటే ఆడపిల్లల స్కౌట్ దళం, దాన్ని నడిపే టీచరు కెప్టెన్. శనివారం సాయంత్రాలు పిల్లలకు తాడుతో ముడులు వేయడం, గుడారం నిలబెట్టడం, ప్రథమ చికిత్స, దారి తప్పితే దిక్కు తెలుసుకోవడం నేర్పిస్తాం. ఆరేడుగురు పిల్లల్ని ఒక జట్టుగా చేస్తే దాన్ని పెట్రోల్ అంటారు. కరోనాకు ముందు నాకు నాలుగు పెట్రోల్‌లు ఉండేవి. ఆ జులైలో మైదానంలో విజిల్ వేస్తే వచ్చింది తొమ్మిది మంది.

మిగతావాళ్లు ఏమయ్యారని ఇళ్లకు పోయి అడిగాను. కొందరికి శనివారం కూడా ట్యూషన్లు. కొందరికి యూనిఫాం పొట్టిదైపోయింది. ఒక తండ్రి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. "తాడు ముడేసేది నేర్చుకుంటే ఏమొస్తాది మేడమ్? అదంతా ఫోన్లోనే ఉండాది కదా." ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే తలుచుకున్నాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఇంకెవరికైనా అవసరమా అని నాకే అనుమానం వచ్చిన రోజులవి.

మిగిలిన తొమ్మిది మందిలో ఎస్తేరు ఒకతె. తొమ్మిదో తరగతి. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో చిన్న పల్లె వాళ్లది. అమ్మ మేరమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. వారంలో ఐదు రోజులు అక్కడే ఉంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మాట తక్కువ. గట్టిగా ఉండాల్సిన ముడి ఏది, వదులుగా ఉండాల్సింది ఏది అని అందరికంటే ముందు పట్టేసేది.

రెండో శనివారమో మూడో శనివారమో పాముకాటు పాఠం చెప్పాను. ఆ పాఠం నాకు కంఠతా. ఒక పిల్లను కూర్చోబెట్టి, మోకాలి కింద నా స్కార్ఫు చుట్టి, పుల్ల దూర్చి మెలిపెట్టి చూపించాను. "దీన్ని టార్నికే అంటారు. విషం పైకి ఎక్కకుండా కాటుకు పైన బిగించి కట్టాలి."

ఎస్తేరు చెయ్యెత్తింది. "అట్ల కట్టకూడదంట మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"మాయమ్మ. కట్టుకోనొచ్చినోళ్లకే కాళ్లు పోతాండాయంట ఆస్పత్రిలో."

నాకు చురుక్కుమంది. అంతమంది ముందు, అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా చెప్పింది. "మీ అమ్మ డాక్టరా?" అన్నాను.

పిల్లలు నవ్వారు. ఎస్తేరు చెయ్యి దించుకుని కింద గడ్డి వైపు చూసింది. నేను పాఠం పూర్తి చేశాను. తర్వాతి శనివారం ఆ పిల్ల రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

నోరు జారిన సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది, కానీ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. మావారి కంటి పరీక్షకని మదనపల్లె పోయిన రోజు ఆ మిషన్ ఆసుపత్రిలో మేరమ్మ కోసం అడిగాను. వార్డు తుడుస్తున్న మనిషి నన్ను చూసి కంగారుగా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మా పాప ఏమన్నా తప్పు చేసిందా మేడమ్?"

"పాప కాదు, నేనే చేశాను" అని జరిగింది చెప్పాను.

మేరమ్మ తుడిచే గుడ్డ బకెట్లో వేసింది. నన్ను వెంటబెట్టుకుని పెద్ద నర్సు దగ్గరికి తీసుకుపోయింది. ఆమె చాలా ఏళ్లు అత్యవసర వార్డులో పనిచేసిన మనిషి. బిగించి కడితే విషం ఆగదని, రక్తం మాత్రం ఆగిపోతుందని చెప్పింది. రక్తపింజరి లాంటి పాము కరిస్తే విషం అక్కడి కండను కుళ్లబెడుతుంది, పైన కట్టు ఉంటే ఆ చెడు మరీ ఎక్కువ. ఎవరో తెలియక కట్టుకుని వస్తే, దాన్ని దారిలో విప్పకూడదు, డాక్టరు ముందే విప్పాలి. "కట్టేదీ వద్దు, కోసేదీ వద్దు, నోటితో పీల్చేదీ వద్దు మేడమ్. కాలో చెయ్యో కదలకుండా పుల్లలు పెట్టి వదులుగా కట్టండి. మనిషిని నడిపించకండి. బిరబిరా తీసుకొచ్చేయండి. మందు ఈడుండాది, ఊర్లో లేదు."

విరిగిన ఎముకకు పెట్టినట్టు పెట్టే ఆ పుల్లల కట్టును స్ప్లింట్ అంటాం. అదీ నేను నేర్పేదే. పాముకాటుకు అది పనికొస్తుందని మాత్రం నాకు తెలియదు.

మరుసటి శనివారం ఎస్తేరు ఇంటికి నేనే పోయి పిలుచుకొచ్చాను. దళం అందరి ముందు, "నేను చెప్పింది తప్పు, ఎస్తేరు చెప్పింది నిజం" అన్నాను. ఆ మాట అనడం నేననుకున్నంత కష్టం కాలేదు. తొమ్మిది మందే కదా. ఆ రోజు పాఠం ఎస్తేరు చేతనే చెప్పించాను. సిగ్గుపడుతూ మొదలుపెట్టింది, పుల్లల కట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు స్థిరపడింది. "వేలు దూరేంత వదులు ఉండల్ల" అని ఒక్కొక్కరి కట్టులోనూ వేలు పెట్టి చూసింది. తప్పు దిద్దుకున్నాను, ఇక ఆ విషయం అయిపోయిందనుకున్నాను.

తర్వాతి ఏడాది ఎండాకాలం ముందు, ఒక రెండో శనివారం, మా కెప్టెన్లందరికీ కుప్పంలో ఒకరోజు శిక్షణ పెట్టారు. పొద్దున తొమ్మిది దాటింది. నేను ప్రథమ చికిత్స పెట్టె తెరిచి పదిహేను మంది టీచర్లకు ఏదో చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. ఎస్తేరు వాళ్ల అమ్మమ్మ నంబరు. రెండోసారి మోగితే ఎత్తాను. ఎస్తేరు కాదు, ఇంకెవరో ఆడమనిషి రొప్పుతూ మాట్లాడుతోంది.

"మేడమ్, నేను నాగవేణిని. రామసముద్రంలో మీకాడ గైడ్స్‌లో ఉన్నింటిని. మాయమ్మను పాము కరిసింది."

నా మొదటి ఉద్యోగం రామసముద్రంలోనే. నా మొదటి గైడ్స్ దళం కూడా. రెండు జడలు, ఎప్పుడూ ముందు నిలబడే పిల్ల, మొదటి పెట్రోల్ లీడరు నాగవేణి నాకు వెంటనే గుర్తొచ్చింది. ఇప్పుడామె టమాటా కోతకు పోయే కూలీల జట్టుకు మేస్త్రి. ఎస్తేరు అమ్మమ్మ ఆ జట్టులోనే పనిచేస్తుంది. ఆమెకు సంగటి తీసుకుపోయిన ఎస్తేరు ఆ తోటలోనే ఉంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

"యాడ కరిసింది?" అన్నాను. కంగారులో నాకూ ఊరి మాటే వచ్చింది.

"చీలమండకాడ. నేను టవల్ తీసుకుని కట్టబోతే ఈ పాప నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కట్టకూడదంటాది. మీ బడేనంట, మీరే చెప్పినారంట. మాకు బిగించి కట్టల్లని మీరే కదా మేడమ్ నేర్పించింది? నాకు బాగా గుర్తుండాది. ఈ పాపకు చెప్పండి. ఆలస్యమైపోతాండాది."

వెనక మగవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. బ్లేడు తెమ్మని ఒకరు, మంత్రం వేసే ఆయన్ని పిలవమని ఒకరు. వాటి మధ్యలో ముసలామె మూలుగు.

గదిలో పదిహేను మంది నా వైపే చూస్తున్నారు. అటుపక్క ఇద్దరున్నారు. ఇద్దరూ నా పిల్లలే, ఇద్దరూ నేను చెప్పిందే చేస్తున్నారు. నేను ఒకర్ని తప్పనాలి.

"నాగవేణీ, కట్టొద్దు. అప్పుడు నేను మీకు నేర్పించింది తప్పమ్మా."

"తప్పా?"

"తప్పే. నాకే తెలీక చెప్పాను. ఎస్తేరు ఎట్ల చెప్తే అట్ల చెయ్యి. అమ్మను ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. బండి ఉందా?"

"టమాటాలకొచ్చిన టెంపో ఉండాది."

"బాక్సులు దించేసి దాంట్లోనే పుంగనూరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. దారిలో ఎక్కడా ఆగొద్దు."

ఫోన్ అటు చేయి మారింది. "మేడమ్, నేను చూసుకుంటాను" అంది ఎస్తేరు. అంతే, పెట్టేసింది.

ఆ తర్వాత తోటలో ఏం జరిగిందో నాగవేణి నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. టమాటా చెట్లకు ఊతంగా నాటిన కట్టెలు రెండు పీకి, నాగవేణి తల్లి మునెమ్మ కాలికి అటూ ఇటూ పెట్టి, చున్నీలతో వదులుగా కట్టింది ఎస్తేరు. కట్టు కింద వేలు పెట్టి చూసింది. పాదం అప్పటికే ఉబ్బుతోంది, మెట్టెలు తీయాలంది. మునెమ్మ కాలు వెనక్కి తీసుకోబోయింది.

"మొగుడు బతికుండంగా మెట్టెలు తీయకూడదు పాపా."

"వాపు దిగినాక మళ్లా పెట్టుకుందువులే అవ్వా. ఇప్పుడు తీయకుంటే వేలు కోసేస్తారు" అని ఎస్తేరు మెల్లగా తిప్పి తీసి, నాగవేణి కొంగుకు ముడేసింది. పొడుగాటి కట్టెలు రెండు తెచ్చి, గోతం సంచుల మూలలు చించి వాటికి తొడిగి స్ట్రెచర్ చేసి, దాని మీద ముసలామెను పడుకోబెట్టి, నలుగురితో టెంపోలోకి ఎక్కించింది. బ్లేడు పట్టుకున్న ఆయన కూడా చివరికి బ్లేడు పారేసి ఒక కొస పట్టుకున్నాడట.

పుంగనూరులో విరుగుడు సూది వేసి మదనపల్లెకు పంపించారు. నేను కుప్పం నుంచి బస్సు పట్టుకుని నేరుగా అక్కడికే పోయాను. రక్తపింజరి అని డాక్టరు తేల్చారు. రెండు రోజులు మూత్రం సరిగా రాలేదు, మూత్రపిండాలకు దెబ్బ తగిలిందేమోనని భయపడ్డారు. మూడో రోజు తేరుకుంది. కాలు నల్లబడలేదు. వారానికి ముసలామె కర్ర పట్టుకుని వార్డులో నాలుగడుగులు వేసింది. బిగించి కట్టకుండా తెచ్చినందుకు కాలు దక్కిందని డాక్టరు నాగవేణితో అన్నారు. ఆమె ఎస్తేరు తల మీద చెయ్యి పెట్టింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే రోజు నాగవేణి నన్ను వరండాలోకి పిలిచింది. కోపం లేదు ముఖంలో, అడగాల్సింది అడగాలన్న పట్టుదల ఉంది.

"మేడమ్, అది తప్పని మీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయినేడాది."

"మరి మాకు యాల చెప్పలేదు?"

నా ఎదురుగా ఉన్న తొమ్మిది మందికి చెప్పి ఊరుకున్నాను. ఇరవై ఏళ్లలో రామసముద్రంలో, బి.కొత్తకోటలో, కుప్పంలో, పుంగనూరులో నేను నేర్పించిన పిల్లలంతా ఆ తప్పును జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని తిరుగుతున్నారు. ఎంత బాగా నేర్పించానో అంత గట్టిగా గుర్తుంది వాళ్లకు. ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు.

నాగవేణి ఊరికే అడిగి వదిలేసే మనిషి కాదు. తనే ఫోన్‌లో రామసముద్రం పాత గైడ్స్ అందరినీ పోగేసింది. వాళ్ల ద్వారా ఇంకో ఊరి వాళ్లు దొరికారు. ఆ ఎండాకాలం సెలవుల్లో ఎస్తేరు పెట్రోల్‌ను వెంటబెట్టుకుని నేను ఊరూరూ తిరిగాను. ఎక్కడ కూర్చున్నా మొదటి మాట ఒకటే: "నేను మీకు ఒకటి తప్పు చెప్పినాను, దిద్దుకోండి." కొందరు నవ్వారు. కొందరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా పుల్లల కట్టు నేర్చుకున్నారు. కుప్పంలో ఒకామె మాత్రం చివరిదాకా తలెత్తలేదు. అందరూ లేచాక దగ్గరికొచ్చింది.

"మా చిన్నాయనకు నేనే కట్టినాను మేడమ్. రెండు వేళ్లు పోయినాయి. పాము వల్లనే అనుకుంటా ఉన్నింటిని."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఆ తప్పు నీది కాదు, నాది అన్నాను. ఆమె ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మళ్లా ఒకసారి చూపీమను ఆ పాపను" అంది. ఎస్తేరు మళ్లీ మొదటి నుంచి చూపించింది.

ఆ జులైలో విజిల్ వేస్తే ఇరవై ఆరు మంది వచ్చారు. ఫోన్లో అంతా ఉండాది కదా అన్న తండ్రి కూతురు కూడా వాళ్లలో ఉంది. ఆయనకిప్పుడు నా దగ్గర జవాబుంది, ఆయన అడగలేదు గానీ. ఫోన్లో అంతా ఉండొచ్చు. ఆ రోజు తోటలోనూ నలుగురి దగ్గర ఫోన్లున్నాయి. కానీ పెద్దవాళ్లంతా అరుస్తుంటే మేస్త్రి చెయ్యి పట్టుకుని కట్టొద్దని నిలబడేది ఒక పిల్లే. ఆ నిలబడటం శనివారాల్లో, మైదానంలో, నలుగురిలో అలవాటు కావాలి. తను చెప్పింది నిజమైతే టీచరు కూడా ఒప్పుకుంటుందని పిల్ల ఒకసారైనా కళ్లారా చూసి ఉండాలి.

ఇక నేను నేర్చుకున్నది: నేర్పించే పని బడి వదిలిన గంటతో పూర్తి కాదు. మనం చెప్పింది తప్పని తెలిసిన రోజున, దాన్ని నమ్ముకుని బతుకుతున్న వాళ్లెంతమందో లెక్క వేసుకుని, వాళ్ల గడప దాకా నడిచిపోయి చెప్పాలి. ఎస్తేరు ఇప్పుడు మదనపల్లెలో నర్సింగ్ చదువుతోంది. శనివారం వీలైతే బస్సెక్కి వస్తుంది. నేను పాఠం చెబుతుంటే వెనక వరసలో కూర్చుంటుంది. అప్పుడప్పుడు చెయ్యెత్తుతుంది. నేను ఆగి, చెప్పమంటాను.