ఊదుబత్తుల గది

ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళకు నర్సింగ్ చేయడం నా ఉద్యోగం. కరోనా తగ్గి అందరూ మాస్కులు తీసిపారేశాక కూడా మేము తియ్యలేదు. ఒక ఇంటి దగ్గును ఇంకో ఇంటికి మోసుకుపోకూడదని మా నియమం. మాస్కు వెనక నేను నవ్వానో విసుక్కున్నానో ఎవరికీ తెలియదు. కోపం ముక్కుమీదుండే నాలాంటిదానికి అదో సదుపాయం.

మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి రోజు విడిచి రోజు వెళ్ళేదాన్ని. అక్కడి పెద్దావిడకి షుగర్. పాదం మీద పుండు మానడం లేదు, పైగా ఆయాసం. భర్త ఉన్నంతకాలం బాలానగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ, ఆయన పనిచేసే లేత్ మిషన్ షెడ్డుకి రోజూ క్యారేజీ మోసిన మనిషి. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. కోడలు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతుంది. కొడుకు పక్కగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంటి నుంచే పని చేస్తాడు. మధ్యలో ఒకసారి లేచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, తిన్నవా అమ్మా అని అడిగి వెళ్ళిపోతాడు.

నేను వెళ్ళేసరికి ఆ గది నిండా ఊదుబత్తుల పొగ. కిటికీలు మూసి ఉండేవి. ఆవిడ దగ్గుతూ ఉండేది. మొదటిసారి మర్యాదగా వద్దన్నాను, రెండోసారి గట్టిగానే అన్నాను. ఆ తర్వాత వెళ్ళీ వెళ్ళగానే నేనే ఆర్పేసి కిటికీ తెరిచేదాన్ని. కోడలికి ఫోన్ చేసి అడిగితే, నర్సు వచ్చే రోజే, తను ఆఫీసుకి బయల్దేరేముందు వెలిగించమని పట్టుబడుతుందని చెప్పింది. చూస్తే ఆ గదిలో దేవుడి పటం కూడా లేదు. నా మెడలో సిలువ చూసి నాకోసమే పొగ పెడుతోందేమోనని ఒళ్ళు మండింది కూడా.

ఒకరోజు ఆ పొగకు ఆవిడకి ఊపిరాడలేదు. నెబ్యులైజర్ పెట్టి, ఆయాసం కుదుటపడేదాకా వీపు నిమురుతూ కూర్చున్నాను. తర్వాత, ఈ పొగ ఇంకోసారి కనిపిస్తే డాక్టరుగారికి చెప్పేస్తానని బెదిరించాను. ఆవిడ నా మాస్కు వంక చాలాసేపు చూసింది.

“నువ్వు ముక్కు మూసుకోనే వస్తున్నవు గద బిడ్డా. కట్టు ఇప్పంగనే నాకే వాసనొస్తది. నీకు రాదా? అందుకే పెట్టమంట.”

మాస్కు ఎందుకో మొదటిరోజే చెప్పాను, ఆవిడ తల ఊపింది. నమ్మలేదని ఇప్పుడు తెలిసింది. నా జలుబు మీ ఊపిరికి అంటకూడదని, విప్పిన పుండు మీద నా తుంపరలు పడకూడదని మళ్ళీ చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

“వాసనొస్తదా, రాదా?”

రాదు అనడం ఎంత తేలిక. కానీ నేనూ అబద్ధం చెబితే ఇక ఆవిడకి నిజం అడగడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగలరు.

“వస్తుందండీ. పుండు ఉన్నన్నాళ్ళూ వస్తుంది. నేను మాస్కు పెట్టుకునేది మాత్రం దానికి కాదు.”

ఆవిడకి కోపం రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపు వచ్చింది, చేతులకు గ్లవుజులు ఉండి తుడుచుకోలేకపోయాను. పుండు కడిగి కొత్త కట్టు కట్టాను.

అప్పుడే కొడుకు వచ్చాడు. ఎప్పటిలాగే గుమ్మంలో ఆగి, పుండు ఎలా ఉందని నన్ను అడిగి, తిన్నవా అని తల్లిని అడిగి, వెనక్కి తిరిగాడు. పక్కగది తలుపు మూసుకునేదాకా ఆవిడ అటే చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మాస్కు పెట్టుకుంటే వాసన తెలవదా అని అడిగింది. పూర్తిగా పోదు కానీ కాస్త తగ్గుతుందన్నాను.

“అయితే మావోనికొకటియ్యి బిడ్డా. జరసేపు లోపటికొచ్చి కూసుంటడు.”