తాళం తీసేశాక కదిలిన అంకె

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. నమ్మితే నా షాపు నడవదు. తెనాలిలో కార్లకి ఎలక్ట్రికల్ పని చేస్తాను. బండి దారిలో ఆగిపోతే చాలు, దానికేదో గాలి సోకిందంటూ వచ్చేవాళ్ళు చాలామంది. నాకు తెలిసి బండికి సోకే గాలి ఒక్కటే, డీజిల్ పైపులో చేరేది. దాన్ని వదిలించడానికి మంత్రం అక్కర్లేదు, పానా ఉంటే చాలు.

ఇలాగే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు కాస్త తగ్గించాను.

మా బాబాయ్ వాళ్ళది రేపల్లె. పిన్నికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు తెనాలి ఆసుపత్రికి తెచ్చి డయాలసిస్ చేయించాలి. ఒకసారి తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరి అందదు. ఆటో కుదుపులు తట్టుకోలేదు. అందుకని బాబాయ్ తన పాత డీజిల్ కారులో, వెనక సీట్లో పడుకోబెట్టి, తనే నడుపుకుంటూ తెచ్చేవాడు.

ఆ కారు ఆగడం మొదలుపెట్టింది. భట్టిప్రోలు దాటాక కాలువ వంతెన దగ్గర, ప్రతిసారీ అక్కడే. కాసేపాగి తాళం తిప్పితే మళ్ళీ స్టార్టయ్యేది. పిన్ని లేకుండా బాబాయ్ ఒక్కడే వస్తే ఎప్పుడూ ఆగలేదు. నేను తీసుకెళ్ళి నడిపితే అసలే ఆగలేదు. డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గినట్టు, మెకానిక్ ఎక్కితే బండ్లు బుద్ధిగా ఉంటాయి. అది మాకు కొత్త కాదు.

వైరింగంతా విప్పి చూశాను. ఇంజన్ వేగం కనిపెట్టే సెన్సర్ కొత్తది వేశాను. డీజిల్ ఫిల్టర్ మార్చాను. ఆ మాట చెబితే పిన్ని, "నాకు పోయిందీ అదే కదరా శీనూ. ఆ చేత్తోనే నాదీ మార్చెయ్" అంది. నవ్వాను. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు.

ఇక మిగిలింది ఈసీఎం. ఇంజన్ని నడిపే కంప్యూటర్ అది, ఒక రేకు డబ్బా. విప్పి, తువ్వాల్లో చుట్టి, బస్సులో బాపట్ల తీసుకెళ్ళాను. అక్కడ అలాంటి డబ్బాలు తెరిచి బాగుచేసే స్నేహితుడున్నాడు. టేబుల్ మీద కరెంటిచ్చి, వేడి చేసి, తట్టి, కుదిపి చూశాడు. "దీని బుర్ర బ్రహ్మాండంగా ఉంది. ఈసారి నీది విప్పి తీసుకురా" అన్నాడు. అప్పటికే నాకూ నా బుర్ర మీదే అనుమానంగా ఉంది.

డబ్బా లేనన్నాళ్ళూ కారు కదల్లేదు. పిన్నిని అద్దె బండిలో తెచ్చారు. ఒకసారి బండి దొరకలేదు. మర్నాటికి ఆమె పాదాలు ఉబ్బిపోయాయి. డబ్బా తెచ్చి బిగించాను. ఇక ఒకటే దారి మిగిలింది. పిన్ని ఎక్కాక స్కానర్ తగిలించి, నేనూ పక్కన కూర్చుని రావాలి.

స్కానర్ అంటే బండి కంప్యూటర్‌తో మాట్లాడే యంత్రం. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో తెర మీద చూపిస్తుంది. తాళం తీసేస్తే కంప్యూటర్ నిద్రపోతుంది, స్కానర్‌కి జవాబు రాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

పొద్దున్నే రేపల్లెలో బయల్దేరాం. బాబాయ్ నడుపుతున్నాడు, నేను పక్కన. పిన్నికి ఆయాసంగా ఉంది, జోకులేమీ వెయ్యలేదు. వంతెన దగ్గరికి రాగానే ఇంజన్ ఆగిపోయింది. బాబాయ్ తాళం తీసుకుని దిగాడు, దిగితే తాళం తీయడం ఆయన అలవాటు. వెనక తలుపు తెరిచి పిన్ని పక్కన కూర్చున్నాడు.

నేను తెర చూశాను. సున్నా ఉండాల్సిన చోట డెబ్బై చిల్లర.

ఇంజన్ ఎంత మెల్లగా తిరిగినా ఎనిమిది వందల దగ్గరుంటుంది. డెబ్బైలో ఏ ఇంజనూ తిరగదు. పైగా ఇంజన్ చప్పుడే లేదు. కింద కాలువలో నీళ్ళు వినిపిస్తున్నాయి. అంకె అరవైకి వచ్చింది. మళ్ళీ డెబ్బై. తర్వాత యాభై.

ఇన్నాళ్ళకి ఆ తప్పు నా కంటబడిందని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తల తిప్పకుండానే "దొరికింది బాబాయ్" అన్నాను.

అంకె ముప్పైకి దిగింది. ఇరవై దగ్గర కాసేపు తచ్చాడింది. తర్వాత సున్నా.

మా పనిలో ఒక అలవాటుంది. తప్పు కనబడగానే ముందు మెమరీ చెరిపేస్తాం. మళ్ళీ వస్తే అది నిజమైన తప్పు, రాకపోతే పీడ పోయినట్టు. నా వేలు దానంతటదే ఆ బటన్ నొక్కింది. తెర మీద అంకెలన్నీ చెరిగిపోయి, కంప్యూటర్ నుంచి జవాబు లేదని వచ్చింది. అప్పుడు చూశాను, తాళం పెట్టే చోటు ఖాళీగా ఉంది.

వెనక్కి తిరిగాను. బాబాయ్ పిన్ని మణికట్టు పట్టుకుని ఉన్నాడు. తాళంచెవి ఆ రెండు చేతుల మధ్య ఇరుక్కుని ఉంది. పిన్ని కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

"ఏం దొరికిందిరా?" అన్నాడు.

తాళం పెడితే ఒక్క తిప్పుకి స్టార్టయింది. తెనాలి దాకా ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రిలో చూసి, దారిలోనే ప్రాణం పోయిందన్నారు.

డబ్బా మళ్ళీ బాపట్ల వెళ్ళింది. ఏ లోపమూ లేదు. స్కానర్ పాతబడి ఏదో చెత్త చూపించి ఉంటుందని నా స్నేహితుడు సర్దిచెప్పాడు. అదే స్కానర్ రోజూ వాడుతున్నాను, తాళం లేని బండిలో అది ఇంకెప్పుడూ అంకె చూపించలేదు. సాక్ష్యం అడుగుతారేమో, అది నేనే చెరిపేశాను. ఆ అంకె ఎవరిదో ఈనాటికీ నోరు తెరిచి అనలేను. అనకుండా నిద్రా పట్టదు.

పెద్దకర్మ అయ్యాక బాబాయ్‌కి చెప్పాను. అప్పట్నుంచీ తెనాలి వచ్చినప్పుడల్లా షాపుకొచ్చి స్కానర్ పెట్టమంటాడు. తాళం తీసి గుప్పిట్లో పట్టుకుని, వెళ్ళి వెనక సీట్లో కూర్చుంటాడు.

"ఏమన్నా వచ్చిందా శీనయ్యా?"

"లేదు బాబాయ్."

"బండి బాగున్నట్టేనా?"

"బాగుంది బాబాయ్."

నిజంగానే బాగుంది. వంతెన దగ్గర ఆగడం మానేసింది. ఇప్పుడు అక్కడ ఆయనే ఆపుతున్నాడు.