షోకేసులో పగడపు కొమ్మ

ఏడేళ్ళుగా ఈ మాట గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు మీకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. చూశారా, ఒప్పుకోవడానికి కూడా నాకు చాటు కావలసి వచ్చింది.

భిలాయి ప్లాంటుకి వ్యాగన్లలో వచ్చే సున్నపురాయిలోంచి శాంపిల్ తీయడం నా ఉద్యోగం. సుత్తితో ఓ ముక్క కొట్టడం, సంచిలో వేయడం. ఎక్కడికి వెళ్ళినా రాయి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. తొంభైల మొదట్లో కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ సెలవు మీద మా ఆవిడతో అండమాన్ వెళ్ళాను. మనుషులుండని ఓ దీవి దగ్గర పగడాల దిబ్బ చూపించడానికి మమ్మల్ని పడవలో తీసుకెళ్ళినవాడు అప్పన్న. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్ళిన మనవాడే. మోకాలి లోతు నీళ్ళలో కొమ్మలు కొమ్మలుగా పగడం.

"ఇదేటి, సున్నపురాయే గదా. మా కాడ వేగన్లకి వేగన్లు దిగుతాది," అన్నాను.

"రాయి కాదు బావూ, దీనికి పేనమున్నాది. మా తాత చూసిన కాడి నుంచి జానెడు పెరగనేదు. ముట్టుకోకండి. ఇరిగితే నా పడవ పాసు లాగేస్తారు," అన్నాడు.

విన్నాను. బాగానే విన్నాను. అతను మా ఆవిడను పడవ ఎక్కిస్తుండగా ఓ కొమ్మ విరిచి తువ్వాలులో చుట్టాను. ఎందుకు? భిలాయిలో మేముండే క్యాంప్ వన్‌లో పక్కింటివాళ్ళకు చూపించడానికి. ఇంతకన్నా గొప్ప కారణం కోసం ఏడేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

తిరిగొచ్చాక జెట్టీలో పడవలు తనిఖీ చేసే గార్డుకు పడవ అడుగున రెండు విరిగిన ముక్కలు దొరికాయి. నా తువ్వాలులోంచి రాలినవే. అప్పన్న నా వైపు చూశాడు. సాయంత్రం ఓడకు టిక్కెట్లున్నాయి, గొడవలో పడితే ఓడ తప్పిపోతుంది, సెలవు దాటిపోతుంది అనుకుంటూ నేను సంచి భుజాన వేసుకుని నిలబడ్డాను. అతని పాసు అక్కడికక్కడే లాగేసుకున్నారు.

ఇల్లు చేరేసరికి కొమ్మ కుళ్ళి కంపు కొట్టింది. దానికి ప్రాణముందని అప్పన్న చెబితే బుర్రకెక్కని మాట నా ముక్కుకి ఎక్కింది. మా ఆవిడ దాన్ని ఉడికించి, ఎండబెట్టి షోకేసులో పెట్టింది. వచ్చినవాళ్ళంతా "క్యా బాత్ హై భయ్యా" అని మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీదా, నా మీదా? సముద్రం వేడెక్కి పగడాల దిబ్బలు తెల్లబడి చస్తున్నాయని ఈమధ్య పేపర్లో చదివి మా ఆవిడ "పాపం" అంది. టీ చల్లారిపోయిందని ఆమె మీద విసుక్కున్నాను.

ఉత్తరం రాయొచ్చు కదా అంటారా? జెట్టీ పేరు తెలుసు. మూడుసార్లు ఇన్‌లాండ్ లెటర్ కొన్నాను. మూడుసార్లూ క్షేమసమాచారాలు రాసి మా బావమరిదికి పంపాను.

ఇదిగో, ఇప్పుడు రాశాను. కొమ్మ విరిచింది నేను, అప్పన్న కాదు. ఊపిరి కాస్త తేలికైంది. ఆ తేలిక చూసినా నాకు చిరాకే. ఆ రోజు జెట్టీలో ఈ ఒక్క ముక్క అని ఉంటే నాకు ఓడ తప్పేది, అంతే.