మా అన్న నేర్పిన వందనం

మా అన్న చనిపోయిన వారానికల్లా బుద్ధిమంతుడైపోయాడు. చూలై పేటలో మా వీధి మొగలో కట్టిన ఫ్లెక్సీ మీద ‘క్రమశిక్షణకు మారుపేరు’ అని తమిళంలో పెద్ద అక్షరాలతో వేశారు. అమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, ఇది మనవాడి గురించేనా అని నన్ను అడిగింది.

వాడు సైన్యంలో హవల్దారు. శాంతిసేనతో ఆఫ్రికా వెళ్ళాడు. అక్కడ ఒక ఊరికి మంచినీళ్ళ ట్యాంకర్లను తీసుకెళ్తుంటే, ముందు పోతున్న వాడి జీపు మందుపాతర మీదికెక్కింది. పెట్టె తెరవొద్దని చెప్పి మాకు అప్పగించారు. అమ్మ ఏడవలేదు. మాట్లాడడం మాత్రం బాగా తగ్గించేసింది.

నాలుగు నెలలకు, వాడు చదివిన బడిలో ఫోటో పెడతామన్నారు. అమ్మనూ నన్నూ వేదిక మీద కూర్చోబెట్టారు. రిటైరైన హెడ్మాస్టరు గారు మాట్లాడుతూ, ఆ పిల్లవాడు ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదనీ, ఎవరినీ నొప్పించి ఎరుగడనీ కళ్ళు తుడుచుకున్నారు. తన కుర్చీకి జిగురు పూసి వారం రోజులు క్లాసు బయట నిలబడ్డవాడు ఎవరో ఆయనకు గుర్తులేనట్టుంది. నేను తల వంచుకుని పెదవి కొరుక్కున్నాను. అమ్మ నా తొడ మీద గిల్లింది.

తర్వాత ఒక పంజాబీ సిపాయి లేచాడు. ఆరడుగుల పైన ఎత్తు, తలపాగా, నిగనిగలాడే గడ్డం, మడత నలగని యూనిఫారం. అన్న జీపు వెనక బండిలో ఉన్నది అతనే. ఈ ఒక్క రోజు కోసం సెలవు పెట్టి రెండు రోజులు రైల్లో వచ్చాడు. అమ్మకు ఎదురుగా వచ్చి నిలబడి, కాలు నేలకేసి కొట్టి సెల్యూట్ చేసి, హాలంతా మోగేలా తెలుగులో అన్నాడు.

"అమ్మా, వంకాయ కూర మాడిపోయింది."

తెలుగు అర్థమైంది మా ఇద్దరికే అనుకుంటాను. మిగతావాళ్ళు గంభీరంగా చప్పట్లు కొట్టారు.

అది మా అన్న మాట. అమ్మ వీధిలో నీళ్ళ లారీ దగ్గర కబుర్లలో పడితే వాడు గుమ్మంలోంచి ఆ కేక వేసేవాడు. అమ్మ బిందె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చేది. సగం రోజులు పొయ్యి మీద కూరే ఉండేది కాదు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కనున్న టీచరమ్మ వీపు నిమురుతూ ఏడవద్దని ఓదార్చింది. అమ్మ ఏడవడం లేదని నాకొక్కదానికే తెలుసు. నాలుగు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏ క్షణంలో ఏడుపులోకి జారిందో మాత్రం నాకూ తెలియలేదు.

సిపాయిని భోజనానికి ఇంటికి తీసుకొచ్చాం. దారిలో అమ్మ నన్ను వెనక్కి లాగి హెచ్చరించింది. "నువ్వేం చెప్పబాక. పావం, అంత దూరం నించి భద్రంగా మోసుకొచ్చినాడు."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ రసం పోస్తుంటే అతనే అడిగాడు, తను సరిగ్గా పలికాడా అని. ‘వీరుణ్ణి కన్న తల్లికి వందనం’ అని దానర్థమట. క్యాంపులో అందరిచేతా అన్న వల్లె వేయించాడట. నీళ్ళ కోసం వరుసలో నిలబడే అక్కడి ఆడవాళ్ళు కూడా నేర్చుకుని, ట్యాంకరు రాగానే ఆ మాటతోనే పలకరించేవారట. ఇక నా వల్ల కాలేదు. ట్యూషన్లో నేర్చుకున్న హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అమ్మకు హిందీ రాదు. అతని ముఖం చూసి నేనేం చేశానో కనిపెట్టి కళ్ళెర్రజేసింది. అతను చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, పొలమారేదాకా. కళ్ళు తుడుచుకుని, తానూ తక్కువేం తినలేదన్నాడు. పెద్ద అధికారికి మర్యాదగా చెప్పాల్సిన మాట అని అన్నకు ఒక పంజాబీ వాక్యం నేర్పాడట. అన్న అటెన్షన్లో నిలబడి మరీ చెప్పాడట. ఆ అధికారీ పంజాబీవాడే. వారం రోజులు వాడిచేత పాయఖానాలు కడిగించాడట.

అర్థమేమిటని అమ్మ నాచేత అడిగించింది. తల్లుల ముందు అనే మాట కాదని అతను చెవులు పట్టుకున్నాడు. అమ్మ వదల్లేదు.

"నా బిడ్డ ఆడ ఏం మాట్లాడినాడో నాకు తెలవొద్దా? మళ్ళా అడుగు."

అతను చెప్పలేదు. సాయంత్రం సెంట్రల్ స్టేషన్లో రైలు కదిలాక, తలుపు దగ్గర నిలబడి, ఆ వాక్యమూ దాని అర్థమూ నాకు అరిచి చెప్పాడు. ప్లాట్‌ఫామ్ మీద ఒక్కదాన్నే నవ్వుతుంటే పోర్టరు ఒకాయన బండి ఆపి మరీ చూశాడు.

ఇంటికొచ్చాక అమ్మకు మాత్రం, రైలు చప్పుడులో ఏమీ వినపడలేదనే చెప్పాను. ఆమె నమ్మలేదు. అతను ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేస్తాడు. నేరుగా అతన్నే అడగాలని, అమ్మ నా దగ్గర ఒక హిందీ వాక్యం నేర్చుకుంది. ‘ఆ మాటకు అర్థమేమిటి నాయనా’ అని తను అడుగుతున్నాననుకుంటుంది. నిజానికి ఆమె అడిగేది, గడ్డానికి ఏ నూనె రాస్తావని. పాపం, అతను ప్రతి వారం ఓపిగ్గా జవాబు చెబుతున్నాడు.