చీటీలు అడిగిన పిల్ల

దర్జీ గారి రెండో పిల్ల నోరు విప్పే ముందు జడ కొసను వేలికి చుట్టుకుంటుంది. బడి ఆఖరేడు పట్టుబట్టి రాజనీతిశాస్త్రం తీసుకుంటే, వాళ్లమ్మ "ఇంట్లో ఉన్న రాజకీయాలు చాలవా తల్లీ?" అని తల పట్టుకుంది. పిల్ల నవ్వి, సంచి భుజాన వేసుకుని బడికి పోయింది. క్లాసు లీడరును ఏటా మాస్టారే పేరు పెట్టి పిలిచి నిలబెట్టేవారు. ఈసారి ఆయన పిలిచేలోగా ఈ పిల్ల లేచి, జడ కొస చుట్టుకుంటూ, "ఓటు చీటీలు వేద్దాం సార్. మీరు చెప్పిన పాఠమే కదా," అంది. ఆయన మొహం గంటు పెట్టుకునే సరేనన్నారు. తీరా చీటీలు విప్పితే గెలిచింది పోయినేటి లీడరే. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది," అని మాస్టారు నవ్వారు. పిల్ల కూర్చోలేదు. జడ జోలికి పోకుండానే అంది: "ఎలుకే సార్. కానీ ఈసారి మేం పట్టుకున్నాం. నచ్చకపోతే వదిలేస్తాం కూడా."