బోర్లించిన డబ్బా

మంగళవారం ఉదయం ఆరు గంటలకు దవాఖానాలో మా చిన్నమ్మ చనిపోయింది. నాచారంలో తాను పనిచేసే చెప్పుల షెడ్డులో మంటలు లేచి ఆమె ఒళ్లు కాలింది. ఆ మధ్యాహ్నమే షెడ్డు యజమాని పోలీసులకు చెప్పిన మాట ఇది: ఆమె బెంచి కింద సొల్యూషన్ డబ్బా తలకిందులుగా దొరికింది, ఆమే ఒలకబోసింది, అందుకే అంటుకుంది.

తోలు అతికించే రబ్బరు జిగురును అక్కడ సొల్యూషన్ అంటారు. దాన్ని ఆమె ఎలా దాచేదో ఇంట్లో రోజూ చూసినవాణ్ని నేను.

ఉప్పల్‌లో వాళ్ల గల్లీలో తెగిన చెప్పులన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న బూట్లకు అడుగు అతికించింది ఆమే. పని కాగానే గుడ్డతో డబ్బా అంచు తుడిచేది. మూతను అరచేత్తో చుట్టూ నొక్కేది. తర్వాత డబ్బాను బోర్లించేది. లోపలి జిగురే మూత సందును పూడ్చేస్తుంది, గాలి చొరదు, ఎన్నాళ్లున్నా ఎండదు.

"డబ్బా మూతి గూడ మన మూతిసొంటిదే. తుడిసినంకనే మూయాలె," అనేది.

చిన్న ట్యూబు గమ్ములు గట్టి మూత స్టీలు డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉండేవి. వాడే ముందు బయట పెట్టి, చల్లదనం పోయాకే మూత తీసేది.

"ఫ్రిజ్ల తొక్కు సీసల కంటే గమ్ములే ఎక్కువున్నయి," అని చిన్నాయన ఎగతాళి చేసేవాడు.

"నీ నోటికే దాసిన. జర ఎక్కువ మాట్లాడు, సూస్తవ్."

షెడ్డులోనూ తన డబ్బాను అలాగే బోర్లించేది. సూపర్‌వైజర్ అది చూసి నవ్వేవాడు. అందరూ కుంచెలు ముంచుకునే పెద్ద డ్రమ్ముకు మాత్రం మూత పెట్టనిచ్చేవాడు కాదు. మూత తీస్తూ పెడుతూ ఉంటే పని సాగదట. అతికించే ముందు జిగురును వేడిచేసే హీటరు ఆ డ్రమ్ము పక్కనే ఉండేది.

"ఆ వాసన గాల్లకెగిరే సరుకే సార్. అగ్గి దాన్నే అందుకుంటది," అని చిన్నమ్మ చెప్పిందట. "ఇది మీ ఇల్లు గాదమ్మా," అన్నాడట అతను.

ఈ మాటలు చెప్పింది ఆమె పక్క బెంచి మీద పనిచేసే అక్క. మంటలు లేచిన రోజు ఆమె అక్కడే ఉంది.

"డ్రమ్ము కాడ అంటుకుంది తమ్మీ. మేమంత బయటికి ఉరికినం. మీ చిన్నమ్మ మూత వట్టుకొని గా డ్రమ్ము దిక్కే వోయింది."

పోలీసులు తీసిన ఫొటో చూశాను. బెంచి కాలలేదు. కింద డబ్బా బోర్లా ఉంది. మూత బిగించే ఉంది. మూత ఊడని డబ్బాలోంచి ఏదీ ఒలకదు. ఆ డబ్బా ఎందుకు బోర్లా ఉంటుందో షెడ్డులో అందరికీ తెలుసు, నవ్వినవాడికి ఇంకా బాగా తెలుసు. జాగ్రత్తను నేరంగా రాయించారు. జవాబు చెప్పాల్సిన మనిషి పోయాకే రాయించారు.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు లేబర్ ఆఫీసులో విచారణ ఉంది. వెళ్తే పనిలోకి రావద్దని సూపర్‌వైజర్ పక్క బెంచి అక్కకు ఫోన్ చేశాడు.

"రానియ్యకపోతే పాయె. నాచారంల గిదొక్కటేనా షెడ్డు?" అందామె.

మొదటి సాక్షి ఆమే.