పిడికెడు జొన్నల కుండ

ఆ మధ్య టీవీలో యుద్ధం యుద్ధం అని రెండు రోజులపాటు గొంతులు చించుకున్నప్పుడు, గుంటూరులో మా వీధి వీధంతా కిరాణా కొట్ల మీద పడింది. ఎందుకైనా మంచిదని మా కోడలు ఫోనులోనే రెండు బస్తాల బియ్యం తెప్పించింది. ఒక బస్తా విప్పి డబ్బాలో పోస్తుంటే, ఎనభై దాటినా ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిని గనుక నేనూ చెయ్యి వేశాను. పోస్తూ పోస్తూ ఉండగా నా చెయ్యి దానంతటదే ఒక పిడికెడు తీసి పక్కనున్న గిన్నెలో వేసింది. అదేమిటత్తయ్యా అని కోడలు అడిగితే, పురుగుందేమో చూస్తున్నానే అన్నాను. అబద్ధం. అరవై ఏళ్ళుగా ఏ బియ్యం డబ్బా ముందుకు వెళ్ళినా ఈ చెయ్యి ఆ పని చెయ్యబోతుంది, నేను ఆపుకుంటాను. ఆ పూట ఆపుకోలేకపోయాను.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి, ఆ వెనకే వానలు మొహం చాటేసి, సోమవారం రాత్రి ఒక్కపూట భోజనం మానమని ప్రధానమంత్రి గారే దేశాన్ని కోరిన రోజులవి. నేనప్పుడు గ్రామసేవికని. చేరి ఏడాది కూడా కాలేదు, అదీ తాత్కాలికపు ఉద్యోగం. పొన్నూరు పక్కన మాగాణి పల్లెలో మూడు పూటలా వరి అన్నం తిని పెరిగినదాన్ని, దర్శి దగ్గర ఒక మెట్ట ఊరికి వేశారు. అప్పటికింకా ప్రకాశం జిల్లా పుట్టనే లేదు. దొడ్లో మళ్ళు కట్టడం, అంట్లు కడిగిన నీళ్ళు సొరపాదుకి మళ్ళించడం, కూరగాయలు ఒరుగులు చేసి దాచడం, గింజల్లో వేపాకు వేసి పురుగు పట్టకుండా చూడడం, శిక్షణలో చెప్పినవన్నీ ఒక నల్ల అట్ట పుస్తకంలో రాసుకుని, గంజి పెట్టిన తెల్ల చీర ఒకటి కట్టుకుని, లోకాన్ని ఉద్ధరించబోతున్నదానిలా బస్సు దిగాను.

మొదటి మీటింగులోనే నా పరువు పోయింది. వంకాయ ఒరుగులు ఎలా చెయ్యాలో చూపిద్దామని కత్తిపీట ముందు కూర్చుంటే, ఒక ముసలావిడ కాసేపు ఓపిక పట్టి, చివరికి నన్ను పక్కకు జరిపి, తనే చకచకా నాలుగు కాయలు తరిగి, ఉప్పునీళ్ళలో ముంచి చాప మీద పరిచింది. ఊళ్ళో సగం మంది మిరప కల్లాల్లోనే పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళకి ఎండబెట్టడం నేర్పబోయాను చూడండి, అదీ నా తెలివి. వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుతోనే ఊరు నన్ను కలుపుకుంది. సేవికమ్మా అని పిలవడం ఆ రోజే మొదలైంది.

నాకు బస ఇచ్చిన ఇంటివాళ్ళకి నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. సగం పత్తి, సగం మిరప వేసేవాళ్ళు. తిండిగింజలకి ఊరవతల కొంచెం జొన్నచేను. ఇంట్లో మామగారు, అత్తగారు, ఇద్దరు కొడుకులు, పెద్దకొడుకు పెళ్ళాం. ఆ పెద్దకొడుకు పెళ్ళాం గురించే ఇదంతా చెబుతున్నాను. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మనిషి సన్నగా చీపురుపుల్లలా ఉన్నా, పనిలో దిగితే ఇద్దరి పెట్టు. నేను చెప్పిన ప్రతిదీ మర్నాడు పొద్దుటికల్లా ఆ దొడ్లో కనిపించేది. జలదారి పక్కన గోంగూర మడి, పందిరి మీద బీరపాదు, గోడవార బచ్చలి. చదువు రాదు. నా దగ్గర పట్టుబట్టి తన పేరు రాయడం నేర్చుకుని, సున్నంలో వేలు ముంచి మొట్టమొదట రాసుకున్నది జొన్నల కుండ మీద.

ఆ కుండ సంగతి చెప్పాలి. పొయ్యి మీదికి గింజలు కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వెయ్యాలి. నెలకోసారి నేను ఇంటింటికీ తిరిగి తూకం వేసి పోగుచేస్తాను, అవి బ్లాకు ఆఫీసుకి చేరితే అక్కణ్ణుంచి జవాన్లకి వెళ్తాయి. మాకు అలాగే చెప్పారు. శిక్షణలో పిడికెడు బియ్యం అని నేర్పితే, ఆ ఊళ్ళో బియ్యం పండక్కి తప్ప పొయ్యెక్కవు గనుక నేను పిడికెడు జొన్నలుగా మార్చుకున్నాను. జవాన్లు మన జొన్న సంకటి తింటారా అని అత్తగారు ఒకటే వేళాకోళం. అయినా ఆవిడే ముందుగా కుండ తెచ్చి పెట్టింది, ఎందుకంటే సేవికమ్మ ఉండే ఇల్లు వెనకబడితే నలుగురూ ఏమనుకుంటారు.

బ్లాకులో పోటీ పెట్టారు. ఎక్కువ పోగుచేసిన ఇంటి ఇల్లాలికి స్టీలు కంచం, ఆ ఊరి సేవికకి ప్రశంసాపత్రం. స్టీలు అంటే అప్పట్లో ఎంత మోజో మీకు చెప్పక్కర్లేదు. నాకు కంచం మీద ఆశ లేదు, కాగితం మీద ఉంది. అది చేతికొస్తే ఉద్యోగం ఖాయం అవుతుందని మా పై అధికారి చూచాయగా అన్నారు. ఇంటి దగ్గర మా అమ్మ నా మీదే ఆధారపడి ఉంది. ఇది సాకుగా చెబుతున్నాననుకుంటే అనుకోండి, సాకే.

ఆ ఇంట్లో భోజనాల వరస ఇలా ఉండేది. అత్తగారు గింజలు కొలిచి ఇస్తుంది, కొలత ఏనాడూ మారదు. కోడలు అందులోంచి పిడికెడు తీసి కుండలో వేసి, మిగిలినవి తిరగలిలో విసిరి, సంకటి వండుతుంది. ముందు మగవాళ్ళు ముగ్గురూ కూర్చుంటారు, తరువాత నేను, నా తరువాత అత్తగారు, అందరూ లేచాక ఆ పిల్ల. సంకటి ముద్దలు చేత్తో చేసి పెడతారు గదా, మగవాళ్ళ ముద్ద పిసరంత తగ్గినా కంచంలో కళ్ళకి కనబడిపోతుంది. అందుకని వాళ్ళ ముద్ద తగ్గదు. వచ్చిన మనిషిని గనుక నా ముద్దా తగ్గదు. అత్తగారి ముద్దంటారా, ఆవిడ అత్తగారు. ఇక ఆ పిడికెడు ఎక్కడ తగ్గినట్టు? లెక్క ఇంతే, ఇందులో తికమక ఏమీ లేదు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టినదాన్ని, మా అమ్మ అందరికన్నా చివర తినడం చూస్తూ పెరిగినదాన్ని. అయినా ఆరు నెలలపాటు ఆ పిల్ల చేతి వడ్డన తింటూ, ఆ పిల్ల తింటుండగా ఒక్కసారి కూడా చూడలేదన్న ఆలోచన నాకు రాలేదు.

అప్పటికి ఆ పిల్లకి ఐదో నెల. మిరపకాయ కోతలు మొదలై పగలంతా చేలోనే ఉండేది. కుండ మాత్రం ఏ ఇంట్లోనూ నిండనంత తొందరగా నిండేది. మా ఇంట్లో ఎంత పొదుపో చూడండని నేను మిగతా ఇళ్ళకి వెళ్ళి గొప్పలు చెప్పేదాన్ని.

పోటీ తూకాలు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం పక్క వీధిలో తూకం వేస్తూ నల్ల పుస్తకం మరిచిపోయానని ఇంటికి వచ్చాను. మగవాళ్ళు చేలో ఉన్నారు, అత్తగారు వసారాలో కునుకు తీస్తోంది. దొడ్లో బీరపందిరి కింద ఆ పిల్ల సంకటి కుండ ముందేసుకుని కూర్చుని ఉంది. కుండలో ముద్ద లేదు. తెడ్డుకీ కుండ అడుక్కీ అంటినదాన్ని నీళ్ళు పోసి కలిపి, కాస్త ఉప్పు వేసుకుని, ఆ నీళ్ళు తాగుతోంది. పక్కన ఒక పచ్చిమిరపకాయ. నన్ను చూసి చప్పున కుండ పక్కకి జరిపి, పైట సర్దుకుని నవ్వింది.

నేను చూశాను. అర్థమైంది కూడా, ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది. లోపలికి వెళ్ళి అత్తగారిని లేపి, కొలత ఒక సోలెడు పెంచమనో, ఈ జొన్నల కుండ ఇవాళ్టితో ఆపెయ్యమనో అనవచ్చు. ఆవిడ నా మాట కొట్టిపారేసే మనిషి కాదు. కానీ ఇంకా నాలుగు రోజులే గదా అనుకున్నాను. తూకాలయ్యాక చెబుదాంలే అనుకున్నాను. పిల్ల నవ్వింది గదా, ఎవరికీ చెప్పొద్దని కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పుస్తకం తీసుకుని బయటికి వచ్చేశాను.

పోటీలో ఆ జొన్నల కుండే మొదటిదిగా వచ్చింది. బ్లాకు ఆఫీసు ముందు షామియానా వేసి, చప్పట్ల మధ్య ఆ పిల్ల చేతికి స్టీలు కంచం ఇచ్చారు. వెలుగుకి తళతళమంటున్న ఆ కంచంలో తన మొహం చూసుకుని ఎంత మురిసిపోయిందో. ఇంటికి తెచ్చాక అది మామగారి కంచమైంది, అందులో ఎవరికీ తప్పేమీ కనబడలేదు. నాకు కాగితం వచ్చింది. నెల తిరక్కుండానే ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వూ వచ్చింది. అత్తగారితో ఆ మాట చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. కుండ మళ్ళీ కడిగి పెట్టారు, పిడికెళ్ళు మళ్ళీ పడుతూనే ఉన్నాయి.

ఏడో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి. పుట్టింది ఆడపిల్ల, అరచేతిలో పట్టేంత. తల్లికి పాలు పడలేదు. పక్కింటి బాలింత పాలు దూదితో పిండారు, మేకపాలు పట్టారు, ఏదీ గొంతు దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

పురిటిగదిలోకి నన్ను రానిచ్చాక, నులకమంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఏదో అనాలని వెళ్ళాను. ఆ పిల్లే మెల్లిగా మాట్లాడింది.

“అక్కా, ఆ పొద్దు దొడ్లో చూశావు గదా నువ్వు.”

చూశానన్నాను.

“అత్తకి చెప్తావేమో అనుకున్నా. నాకై నేను చెప్పుకోలేను గదా. పొద్దుగూకిందాకా చూశా, ఆ మరుసటి రోజూ చూశా.”

అందులో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది. అంటే ఆ నవ్వు చెప్పొద్దని కాదు. ఎవరో ఒకరు చూశారు, ఇక తన కడుపు సంగతి ఇంట్లో తెలుస్తుంది అని నవ్విన నవ్వు. కోడలు నోరు తెరిచి ఆకలి అనకూడని ఇంట్లో, ఆ మాట అనగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. అప్పుడు ఏడ్చాను. ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుంది. సిగ్గుగా ఉంది ఇది రాయడానికి, అయినా రాస్తున్నాను.

బయటికి వచ్చి అత్తగారికి అంతా చెప్పేశాను, చూసిందీ, చెప్పకుండా దాచిందీ, ఎందుకు దాచానో కూడా. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “నేనూ అట్టాగే కడిగి తాగినదాన్నే సేవికమ్మా. మరిచిపోయా” అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను బదిలీ అడిగి పెట్టుకున్నాను. వెళ్ళే రోజున పెట్టె సర్దుకుని సెలవు తీసుకోబోతే, ఆవిడ నన్ను ఆగమంది. వంటింటి గుమ్మంలో పీట వేసి, కోడల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఇంకా మగవాళ్ళెవరూ తినలేదు. మామగారి పీట దగ్గరున్న స్టీలు కంచం తీసుకొచ్చి, రెండు ముద్దలు, గోంగూర పచ్చడి, పైన వెన్న పెట్టి ఆ పిల్ల ముందుంచింది. వసారాలోంచి మామగారు కంచమేదని అడిగితే, కోడలు తింటోంది, ఆగు అని అరిచింది.

“ఈమె తినేది చూసి పో” అంది నాతో.

బస్సు వేళ దాటిపోతున్నా నిలబడి చూశాను. మా ఇద్దరి కళ్ళూ తన మీదే ఉండేసరికి ఆ పిల్లకి ముద్ద దిగలేదు. ఒకటి తిని, రెండోదాంట్లో సగం తిని, కళ్ళెత్తి నన్ను చూసి, చాలన్నట్టు తలూపింది. మళ్ళీ నేనా ఊరు వెళ్ళలేదు. ఆ జొన్నలు ఏ జవాన్ల దాకా వెళ్ళాయో, అసలు వెళ్ళాయో లేదో నాకు నేటికీ తెలియదు. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. ఆ తరువాత ఏ ఊరికి వెళ్ళినా పెరటి మడికంటే ముందు, ఈ ఇంట్లో చివర తినేది ఎవరమ్మా అని అడిగేదాన్ని. అడిగి, ఆవిడ తినేదాకా కూర్చునేదాన్ని. సేవికమ్మకి ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్ళు. ఎన్ని ఇళ్ళలో కూర్చున్నా ఆ ఒక్క ఇంటి బాకీ తీరదు.

ఇప్పుడు మా ఇంట్లో చివర తినేవాళ్ళంటూ ఎవరూ లేరు. ఎవరి కంచం వాళ్ళు పెట్టుకుని, ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోతారు. మా కోడలైతే ఆకలేస్తే అందరికన్నా ముందే తినేస్తుంది. అలా తింటుంటే చూడడానికి నాకెంత ఇష్టమో దానికి తెలియదు. ఆ రోజు గిన్నెలో వేసిన పిడికెడు బియ్యం దాని కళ్ళ ముందే తిరిగి డబ్బాలో పోసేశాను. అయినా అలవాటు చచ్చిపోదు. అందరూ తిన్నారని తెలిసినా వంటింట్లోకి వెళ్ళి కుక్కరు మూత తీసి అడుగు చూస్తాను. అన్నం ఉంటుంది. రోజూ ఎంతో కొంత మిగులుతుంది. ఇంకా ఎవరో తినాల్సి ఉందనిపించి, మూత పట్టుకుని కాసేపు అక్కడే నిలబడతాను.